శిశువిద్యాబోధకుల శిక్షణలో శిశుభాషా పాఠ్యము

మూడేండ్ల ప్రాయము మొదలు ఎనిమిదేండ్ల ప్రాయము వరకు గల కాలమును 2020 సంవత్సరపు జాతీయ విద్యావిధానము ఒకే విద్యాదశగా గ్రహించి, దానికి పునాదిదశ యని పేరిడినది. ఇందు మొదటి మూడేండ్లు అంగన్‌వాడిలోనో శిశుపాఠశాలలోనో గడచును. తక్కిన రెండేండ్లు ప్రాథమిక పాఠశాలలోని ఒకటవ, రెండవ తరగతులలో గడచును. శిశువు ఒక్కడే, దశయు ఒక్కటే. అయినను ఈ దశలో శిశువును చేరదీసి మాటలాడించువారు వేర్వేరు శిక్షణలు పొందినవారు. ప్రాథమికోపాధ్యాయులు రెండేండ్ల డిప్లొమా చదివినవారు. శిశుపాఠశాలల ఉపాధ్యాయులలో పూర్వప్రాథమిక విద్యా డిప్లొమా పొందినవారును, మాంటిసోరి శిక్షణ పొందినవారును, ఏ శిక్షణయు లేనివారును కలరు. అంగన్‌వాడి కార్యకర్తల శిక్షణ పెక్కేండ్లుగా దినములతో లెక్కింపదగినదై యున్నది.

ఈ శిక్షణలన్నిటియందును పోషణము, ఆరోగ్యము, శిశుమనస్తత్త్వము, ఆటపాటలు, బోధనపద్ధతులు ఏదో యొక ప్రమాణమున కలవు. శిశువు భాషను గూర్చిన పాఠ్యము మాత్రము స్వల్పము. ఉన్నచోటను అది సామాన్యముగా భాషాబోధనపద్ధతి యను శీర్షికక్రింద నుండునే గాని, తెలుగు శిశువు తెలుగును ఎట్లు నేర్చుకొనును, తెలుగు లిపి శిశువునకు ఎచ్చట కష్టమగును అను ప్రశ్నలకు సమాధానముగా నుండదు. ఈ వ్యాసమున ఆ శిక్షణ చరిత్రయు, నేటి స్వరూపమును, అందలి భాషాపాఠ్యమున నుండదగిన విషయమును వివరింపబడుచున్నవి. ఈ లోటు విద్యాశాఖలది మాత్రమే కాదు. భారతీయ భాషాశాఖలు తమ వంతు సామగ్రిని సమకూర్పకపోవుటయు దీనికి ముఖ్యకారణమని ఇందలి ప్రతిపాదన.

1. శిక్షణ పూర్వచరిత్ర

ఉపాధ్యాయులకు ముందుగా శిక్షణ యొసగవలెనను భావము మద్రాసు రాజధానిలో 1826 నాటికే ఏర్పడినది. సర్ థామస్ మన్రో గవర్నరుగా నున్నపుడు ఉపాధ్యాయులను తయారుచేయుటకై మద్రాసున నొక కేంద్రపాఠశాల నెలకొల్పబడెను. 1854లో వెలువడిన వుడ్ దొరగారి విద్యాలేఖ శిక్షణపాఠశాలల ఆవశ్యకతను నొక్కి చెప్పెను. 1856లో మద్రాసున ప్రభుత్వ నార్మల్ స్కూలు ఏర్పడెను. అదియే తరువాత సైదాపేట ఉపాధ్యాయ కళాశాల యయ్యెను. ఈ ప్రయత్నములన్నిటి దృష్టియు బడియీడు వచ్చిన బాలురపైననే నిలిచినది. బడికి రాకమునుపటి శిశువు తల్లి యొడిలోని వాడే గాని, శిక్షణ పొందినవారి చేతిలోని వాడు కాడు.

తెలుగుదేశమున వాడుకభాషోద్యమము పాఠశాలలోనే పుట్టినదన్న విషయము ఈ సందర్భమున స్మరింపదగినది. ఉత్తరసర్కారులలో పాఠశాలల పరీక్షాధికారిగా నుండిన జె. ఏ. యేట్సు దొర, పిల్లలు మాటలాడు తెలుగునకును వారిచే చదివింపబడు తెలుగునకును గల దూరమును జూచి ప్రశ్న లేవనెత్తెను. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు ఆ ప్రశ్నను చేపట్టిరి. గురజాడ అప్పారావుగారు 1914లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు తమ అసమ్మతిపత్రమును సమర్పించిరి. అయితే ఆ వాదము త్వరలోనే పరీక్షలలోని వ్యాసరచన, గద్యరచనాభాష, వ్యాకరణప్రామాణ్యము అను విషయములవైపు మరలెను. శిశువు నోటిభాషను ఉపాధ్యాయుడు శాస్త్రీయముగా ఎఱుగవలెనను మూలప్రశ్న వెనుకబడెను. గిడుగువారు మాత్రము సవరలకొరకు బడులు పెట్టి, వారి భాషను తాము నేర్చి, అందు వాచకములు రచించి, ఆ మూలప్రశ్నకు ఆచరణమున సమాధానము చూపిరి. సవరభాషపై వారు రచించిన వ్యాకరణగ్రంథము 1931లో వెలువడినది.

శిశువిద్యకై ప్రత్యేకశిక్షణ భారతదేశమున గుజరాతునుండి ఆరంభమైనదనవచ్చును. న్యాయవాదియైన గిజుభాయి బధేకా 1920లో భావనగరమున దక్షిణామూర్తి బాలమందిరమును స్థాపించెను. 1925లో దానికి అనుబంధముగా అధ్యాపనమందిర మేర్పడెను. 1926లో నూతన బాలశిక్షణ సంఘము వెలసెను. గిజుభాయి మాంటిసోరి పద్ధతిని గ్రహించినను గుజరాతీ శిశువునకు గుజరాతీ కథయు పాటయు కావలెనని యెఱిగి, శిశువులకొరకును తల్లిదండ్రులకొరకును ఉపాధ్యాయులకొరకును గుజరాతీలో విస్తారముగా రచించెను. ఆయన సహచరి తారాబాయి మోడక్ మరాఠీదేశమునకు ఈ కృషిని కొనిపోయెను. 1945లో బోర్డీ గ్రామమున బాలకేంద్రము నారంభించి, అనూతాయి వాఘ్‌తో గూడి, శిశువులు బడికి రాకున్న బడియే వారి ముంగిటికి పోవలెనను సిద్ధాంతముతో పనిచేసెను. 1957లో కోసబాడునకు మారిన ఈ కేంద్రమున వారలీ గిరిజనుల పిల్లలకొరకు పసులు మేయు బీళ్లలో నడచు బడులు కూడ పెట్టబడెను. అంగన్‌వాడి యను పేరును భావమును ఈ కృషినుండియే దేశమునకు లభించినవి.

మరియా మాంటిసోరి స్వయముగా 1939లో దివ్యజ్ఞానసమాజము ఆహ్వానముపై మద్రాసులోని అడయారునకు వచ్చి, సుమారు 300 మందికి శిక్షణ నొసగెను. యుద్ధకారణమున 1946 వరకు ఆమె ఈ దేశముననే ఉండవలసివచ్చుటచే శిక్షణతరగతులు పెక్కుచోట్ల జరిగినవి. 1944లో సార్జెంటు నివేదిక మూడేండ్లు మొదలు ఆరేండ్ల వరకు గల శిశువులకు విద్యాలయము లుండవలెనని సూచించెను. 1945లో సేవాగ్రామ సభ పూర్వబునియాదీ విద్యను గాంధీజీ విద్యాప్రణాళికలో ఒక భాగముగా గ్రహించెను.

స్వాతంత్ర్యానంతరము ఈ రెండు ధారలును వేరుపడినవి. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో ఆరంభమైన సమగ్ర శిశుఅభివృద్ధి సేవాపథకము శిశుసంక్షేమ శాఖక్రింద చేరినది. ఉపాధ్యాయశిక్షణ విద్యాశాఖక్రింద నిలిచినది. 1986 నాటి జాతీయ విద్యావిధానము ననుసరించి జిల్లా విద్యా శిక్షణ సంస్థలు, అనగా డైట్‌లు, ఏర్పడినవి. 1993 చట్టముచే జాతీయ ఉపాధ్యాయ విద్యామండలికి చట్టప్రతిపత్తి కలిగినది. ఒక శాఖలో పాలు, గ్రుడ్డు, టీకా ప్రధానములైనవి. మరొక శాఖలో వాచకము, తరగతి, పరీక్ష ప్రధానములైనవి. మాట రెండింటి నడుమను జారిపోయినది.

2. నేటి పాఠ్యక్రమములు

జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2014లో ప్రకటించిన నిబంధనలలో మొట్టమొదటి అనుబంధము పూర్వప్రాథమిక విద్యా డిప్లొమాకు సంబంధించినది, ఇది డి.పి.ఎస్.ఇ. యని వ్యవహరింపబడును. రెండవది ప్రాథమికవిద్యా డిప్లొమా, అనగా డి.ఎల్.ఎడ్. రెండును ఇంటర్మీడియెటు తరువాత చదువదగిన రెండేండ్ల శిక్షణలు. డి.ఎల్.ఎడ్.లో ఏడాదికి 200 పనిదినములును, రెండేండ్లలో 20 వారముల పాఠశాలానుభవమును విధింపబడినవి. తెలంగాణ రాష్ట్రమున ఈ రెండు డిప్లొమాలకును ఒకే ప్రవేశపరీక్ష జరుగుచున్నది.

చిన్నపిల్లలకు చదువు చెప్పుట ప్రత్యేకవిద్య యను విషయము న్యాయస్థానములో సైతము చర్చకు వచ్చినది. బి.ఎడ్. పట్టభద్రులు ప్రాథమికతరగతుల ఉపాధ్యాయపదవికి అర్హులగునట్లు 2018లో వెలువడిన ప్రకటన చెల్లదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టు 11న తీర్పు చెప్పినది. పెద్దతరగతులకు బోధింపగల శిక్షణ ఉన్నంతమాత్రమున పసిపిల్లలకు బోధింపగల నేర్పు కలుగదనుట ఆ తీర్పులోని ముఖ్యాంశము. ఎక్కువ చదివినవాడు తక్కువతరగతికి తప్పక చాలునను లోకాభిప్రాయమునకు ఇది విరుద్ధము.

అంగన్‌వాడిల సంగతి వేరు. దేశమున సుమారు 14 లక్షల అంగన్‌వాడి కేంద్రములు కలవు. కార్యకర్తల ఉద్యోగశిక్షణ పెక్కేండ్లపాటు 26 పనిదినములకు పరిమితమై యుండెను. పోషణతోపాటు విద్యయు అను ఉద్దేశముతో 2023 మే నెలలో ఆరంభమైన పథకమున కార్యకర్తల శిక్షణ మూడు దినములు. 2020 విద్యావిధానము దీనిని విస్తరింపజేయుటకు రెండు మార్గములు సూచించినది: ఇంటర్మీడియెటు గాని అంతకుపైన గాని చదివిన కార్యకర్తలకు ఆరునెలల సర్టిఫికెటు శిక్షణ, అంతకు తక్కువ చదివినవారికి ఏడాది డిప్లొమా. ఇవి దూరవిద్యామార్గమున, నెలకు ఒక్క సంపర్కతరగతియైన జరుగునట్లు నడపబడవలెనని అందు చెప్పబడినది. 2022లో వెలువడిన పునాదిదశ జాతీయ పాఠ్యప్రణాళికా చట్రము శిశువు ఇంటిభాషయే బోధనకు మొదటి సాధనమని స్పష్టముగా పేర్కొనినది.

విధానము ఇంతదూరము వచ్చినది. ఇంటిభాషయే సాధనమైనపుడు ఆ సాధనమును గూర్చి శిక్షణార్థి చదువవలసినది ఏమి అను ప్రశ్న మిగిలియున్నది. దీనికి ఒక చక్కని పూర్వోదాహరణము ఢిల్లీలో కలదు.

3. ఢిల్లీ ఉదాహరణము

ఢిల్లీ విశ్వవిద్యాలయము 1994లో నాలుగేండ్ల ప్రాథమికవిద్యా పట్టశిక్షణను ఆరంభించినది. ఇది బి.ఎల్.ఎడ్. యని ప్రసిద్ధము. దీని రచనలో భాషకు మూడు వేర్వేరు స్థానములు కల్పింపబడినవి. మొదటి సంవత్సరమున భాషాస్వరూపము అను పత్రము: భాష యనగా నేమి, ధ్వని, పదము, వాక్యము, మాండలికము ఎట్టివి అనునది ఇందలి విషయము. రెండవ సంవత్సరమున భాషార్జనము అను పత్రము: శిశువు భాష నెట్లు గ్రహించును అనునది విషయము. అదే సంవత్సరమున సర్వపాఠ్యాంశములలో భాష అను పత్రము: గణితముగాని, పరిసరవిజ్ఞానముగాని బోధించునపుడు భాష ఎట్లు సాధనమగునో, ఎట్లు అడ్డుపడునో అందు చర్చింపబడును. నాలుగవ సంవత్సరమున దీర్ఘకాలము పాఠశాలలో నుండి ఈ జ్ఞానమును ప్రయోగించి చూడవలెను.

ఈ విభాగము చిన్నమార్పువలె కనబడును గాని దీనివలన ఉపాధ్యాయుని దృష్టియే మారును. భాషాబోధనపద్ధతి యను ఒకే పత్రమున్నచోట భాష ఒక పాఠ్యాంశము. దానిని ఎట్లు చెప్పవలెను అనునదే ప్రశ్న. పై మూడు పత్రములున్నచోట భాష శిశువు అప్పటికే సంపాదించుకొనిన సంపద. దానిని ఎఱుగుట ఎట్లు అనునది మొదటి ప్రశ్న యగును. ఈ క్రమమును తెలుగునకు అన్వయింపవలెనన్న, పత్రము పేరును తెనిగించినంతమాత్రమున చాలదు. లోపలి విషయము తెలుగునుండి రావలెను. ఆ విషయ మెట్టిదో ఈ క్రింద వివరింపబడుచున్నది.

4. తెలుగు శిశుభాషా పాఠ్యమున నుండదగిన విషయము

మొదటిది ఉచ్చారణ. బువ్వ, లాల, జోజో, జేజి, బూచి, బజ్జో మొదలైన మాటలు తెలుగు తల్లులు పసిపిల్లలతో పలుకునవి. వీనిలో ఓష్ఠ్యములు, తాలవ్యములు, ద్విత్వములు, ఆవృత్తాక్షరములు అధికముగా కనబడును. ఇట్టి శిశుసంబోధనభాష పెక్కు జాతులలో కలదని చార్లెస్ ఫెర్గుసన్ 1964లో ప్రకటించిన ఆరుభాషల పరిశీలనలో నిరూపించెను. ఆ ఆరింటిలో మరాఠీ యొకటి. అంగన్‌వాడి కార్యకర్తకు ఈ మాటలు తెలిసినవే. కాని ఇవి శిశువు ధ్వనిశిక్షణలో మొదటిమెట్టని ఆమెకు ఎవరును చెప్పలేదు. రకారము శిశువునకు ఆలస్యముగా పట్టువడును. దానికి బదులు లకారమో యకారమో వినబడుట సామాన్యము. మూడేండ్ల శిశువు "రా" యనుటకు "లా" యన్నచో దోషము లేదు. అయితే పిలిచిన పలుకనివాడును, మూడేండ్లు నిండినను రెండు మాటలు జతచేయలేనివాడును వెంటనే వినికిడిపరీక్షకు పంపదగినవారు. ఏది సహజము, ఏది శంకనీయము అను వివేకము భాషార్జన పాఠ్యమునుండియే రావలెను. ఈ వివేకము లేనిచోట చెవుడు మొండితనముగా గణింపబడి విలువైన సంవత్సరములు గడచిపోవును.

రెండవది వ్యాకరణము. నాలుగేండ్ల శిశువు "కాలులు", "ఇల్లులు" అని పలికినచో ఉపాధ్యాయురాలు "కాళ్లు", "ఇళ్లు" అని దిద్దును. ఆ దిద్దుబాటు తప్పు కాదు. కాని శిశువు ఆ రూపమును ఎవరినోటను వినియుండడు. బహువచనప్రత్యయము లువర్ణకమని తానే గ్రహించి, అంతట దానిని ప్రయోగించుచున్నాడు. అది తప్పుగా కనబడు తెలివి. అట్లే అమ్మ వచ్చింది, ఆవు వచ్చింది, నాన్న వచ్చాడు అను క్రియారూపముల భేదమును, మనము–మేము అను సర్వనామముల భేదమును తెలుగు శిశువు ఎవరును చెప్పకయే పట్టుకొనును. హిందీలో మనము–మేము అను భేదము లేదు. దినమంతయు హిందీ వినుచు ఢిల్లీలో పెరుగు తెలుగు శిశువునకు ఆ భేదము ఆలస్యముగా స్థిరపడినచో ఆశ్చర్యపడ నక్కరలేదు. ఉపాధ్యాయుడు దీనిని ఎఱిగినచో మందబుద్ధి యను మాట నోట రానీయడు.

మూడవది లిపి. తెలుగు వర్ణమాల శాస్త్రీయక్రమము గలది. స్థానకరణములనుబట్టి ఏర్పడిన ఆ క్రమము భాషాశాస్త్రవేత్తకు ఆనందదాయకము. శిశువు నేర్చుకొను క్రమము అదియే కావలెనను నియమము లేదు. వర్ణమాల క్రమమున పోయినచో శిశువు ఋ, ౠలను కకారముకంటె ముందు కలిసికొనును. ఙ, ఞలను తకారముకంటె ముందు కలిసికొనును. వాని నోట ఎన్నడును పలుకని అక్షరములు నిత్యము పలుకువానికంటె ముందు వచ్చును. మహాప్రాణముల సంగతియు నిట్టిదే. ద, ధ, థ అనునవియు, డ, ఢ అనునవియు ఆకారమున చిన్నగీతతోనో చుక్కతోనో మాత్రమే వేరుపడును; పలుకుబడిలో ఆ భేదము శిశువునకు అనుభవమున లేదు. కంటికి స్వల్పభేదము, చెవికి భేదమే లేదు అయినపుడు గుర్తుంచుకొనుటకు ఆధార మేదియు నుండదు.

తొలివాచకమున మొదటి మాట సామాన్యముగా అమ్మ. ఇది హృదయమునకు దగ్గరైన మాట. అయితే లిపిదృష్ట్యా కఠినము. అందు మకారద్విత్వము కలదు. ఒత్తులు నేర్పునది మాత్రము గుణింతములు ముగిసిన తరువాత. అంతియే కాదు: పలుకునపుడు ఈ మాట "అమ్–మ" యని విడిపోవును, వ్రాయునపుడు "అ–మ్మ" యని విడిపోవును. చప్పట్లతో మాటలను విడదీయుమన్న శిశువు చెవిని నమ్మును. పలక వేరుగా చెప్పును. అక్క, అన్న, అత్త అను బంధువాచకములన్నియు ఇట్టివే. తల, వల, పలక, పడవ, ఆట, ఊయల, ఇటుక మొదలగు ఒత్తులేని మాటలలో చెవియు కన్నును ఏకమగును. అమ్మ యను మాటను చిత్రముతో సహా సమగ్రముగా గుర్తింపజేసి, విడదీసి చదువుటకు మాత్రము ఒత్తులేని మాటలతో ఆరంభించుట యుక్తము. ఈ సూక్ష్మము బోధనపద్ధతుల గ్రంథములలో నుండదు. ఆంగ్లమునుండి వచ్చిన ధ్వనిపాఠములలో అసలే యుండదు, ఆంగ్లలిపికి ఈ సమస్య లేదు గనుక.

హల్లులు 36, గుణింతరూపములు 12 అని గణించినను 432 రూపము లేర్పడుచున్నవి. ఒత్తులను చేర్చిన సంఖ్య ఇంకను పెరుగును. అచ్చుగుర్తు గుడిగా పైన, కొమ్ముగా ప్రక్కన నిలుచును. ఐత్వమున కొంత పైనను కొంత క్రిందను ఉండును. రకారపు ఒత్తు తరువాత పలుకునదే యైనను హల్లును ఎడమవైపునుండి చుట్టుకొనివచ్చును. తెలుగుతో సమానవ్యవస్థ గల కన్నడలిపిని శిశువులు నేర్చుకొను తీరుపై సోనాలీ నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధన, అక్షరములన్నియు పట్టువడుట ఒకటిరెండు తరగతులతో ముగియక పైతరగతులవరకు సాగునని చూపినది. ఒకటవ తరగతి ముగియునాటికి గుణింతములన్నియు రావలెనని నిర్బంధించు ఉపాధ్యాయుడు లిపిస్వభావమునే ఎదిరించుచున్నాడు. దండన మాత్రము శిశువునకు.

నాలుగవది మాండలికము. శిశువు "ఎలుక" యనుటకు "యెలుక" యనియు, "ఒకటి" యనుటకు "వొకటి" యనియు వ్రాయును. యకారమును, వొ మొదలగునవియు తెలుగుమాటలకు మొదట లేవని బాలవ్యాకరణము శాసించినది. అది వ్రాతకు నియమము. పలుకుబడిలో ఆ యకార వకారముల ఛాయ కలదు. శిశువు విన్నదానిని విన్నట్లు వ్రాసినాడు. శ, ష, సల భేదము గాని, ణ, నల భేదము గాని ఇంటిమాటలో లేని శిశువు వ్రాతలో తడబడుటయు నిట్టిదే. వ్రాతనియమమును నేర్పవలెను, కాని ఇది అజ్ఞానమువలన గాక శ్రవణశక్తివలన కలిగినదని నేర్పువానికి తెలిసియుండవలెను.

మాటలలోను భేదము కలదు. ఆకారమును నేర్పుటకు ఆనపకాయ బొమ్మ చూపినచో రాయలసీమ శిశువు దానిని సొరకాయ యనును. ఆ శిశువు తప్పు చెప్పలేదు, బొమ్మయు తప్పు కాదు. పాఠము మాత్రము విఫలమైనది. మొక్కజొన్న కోస్తాలో మొక్కజొన్న, తెలంగాణమున మక్కలు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము వ్యవసాయపదములను జిల్లాలవారీగా సేకరించినది. అట్టి కృషి శిశువుల పదజాలముపై జరిగియున్నచో, బొమ్మలపుస్తకము తయారుచేయువారికి ఏ బొమ్మ ఎచ్చట ఏ యక్షరమునకు పనికివచ్చునో తెలిసియుండెడిది.

ఐదవది ద్విభాషాస్థితి. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004లో సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా అను ఎనిమిది భాషలలో ప్రాథమికవిద్యాప్రయోగము ఆరంభమైనది. తెలుగులిపిలో ఆ భాషల వాచకములు వెలువడినవి. ఇంటిభాషలో చదువను వ్రాయను నేర్చి, క్రమముగా తెలుగునకు చేరుట ఇందలి మార్గము. ఈ బడులలోని ఉపాధ్యాయునకు రెండు భాషల ధ్వనివ్యవస్థలును పోల్చిచూపు పాఠము అత్యవసరము.

ఇట్టి సమస్యయే మరొకరూపమున రాష్ట్రేతర తెలుగువారికి కలదు. 2011 జనగణనము ప్రకారము తమిళనాడున సుమారు 42 లక్షలమందికిని, కర్ణాటకమున సుమారు 36 లక్షలమందికిని తెలుగు మాతృభాష. అల్పసంఖ్యాక భాషావర్గముల పిల్లలకు ప్రాథమికదశలో మాతృభాషాబోధన కల్పించుటకు ప్రయత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఎ అధికరణము నిర్దేశించుచున్నది. కర్ణాటకమున తెలుగు శిశువునకు లిపి సులభము. రెండు లిపులును సోదరులగుటచే ఒకదానినుండి మరొకదానికి అడుగు చిన్నది. తమిళనాడున అట్లు కాదు. తమిళలిపిలో సరళములకు ప్రత్యేకాక్షరములు లేవు; ఒకే యక్షరము స్థానమునుబట్టి పకారముగను బకారముగను పలుకబడును. ఇంటిలో పాట, బాట అను భేదమును ఎఱిగిన తెలుగు శిశువు బడిలో ఆ భేదమును చూపని లిపిని నేర్చును. దీనిని ఎఱిగిన ఉపాధ్యాయుడు ఒక్కమాటతో సందేహము తీర్చగలడు.

5. భాషాశాఖల కర్తవ్యము

పైన చెప్పిన విషయములలో ఏదియు విద్యాశాఖాధ్యాపకులు ఒంటరిగా సమకూర్పగలది కాదు. ధ్వనిశాస్త్రము, వ్యాకరణము, లిపిచరిత్ర, మాండలికపరిశీలనము భాషాశాఖల సొత్తు. ఈ శాఖలు కావ్యములపైనను శాసనములపైనను జేసిన కృషిలో లేశమాత్రమును శిశుభాషపై చేయలేదు. అందుచే శిక్షణాలయములలోని తెలుగుపత్రము పలుచోట్ల కవిపరిచయముతోను ఛందోలంకారములతోను నిండియున్నది. శిక్షణార్థి కందపద్యలక్షణము చెప్పగలడు. తన యెదుట కూర్చున్న శిశువు "వొకటి" యని ఏల వ్రాసినాడో చెప్పలేడు.

భాషాశాఖలు చేయదగిన పనులు సాధ్యమైనవే. ఒక్కొక్క మాండలికప్రాంతమున మూడేండ్లు మొదలు ఎనిమిదేండ్ల వరకు గల శిశువుల సంభాషణలను సేకరించి, పదసూచిక తయారుచేయవచ్చును. ఆ పదములలో ఏ యక్షరములు ఎంత తరచుగా వచ్చునో లెక్కించి, తొలివాచకములకు అక్షరక్రమమును సూచింపవచ్చును. జానపదవాఙ్మయ పరిశోధకులు సేకరించిన జోలపాటలను, ఆటపాటలను, పొడుపుకథలను ధ్వనిదృష్టితో వర్గీకరింపవచ్చును. తెలుగుపాటకు ప్రాణమైన ద్వితీయాక్షరప్రాస శిశువు చెవికి అక్షరభేదమును నేర్పు సహజసాధనము. ఆంగ్ల శిశుగేయములలోని అంత్యప్రాసపై ఆధారపడిన అభ్యాసములను తెనిగించినపుడు ఈ సాధనము చేజారిపోవుచున్నది.

శిక్షణార్థి చేయవలసిన అభ్యాసమును గూడ సులభముగా నిర్ణయింపవచ్చును. ప్రతి శిక్షణార్థియు ఒక శిశువును ఎంచుకొని, నెలదినములపాటు వాని పలుకులను విన్నవి విన్నట్లు తెలుగులిపిలో వ్రాసికొని, అందలి ధ్వనులను, బహువచనరూపములను, క్రియారూపములను, ఇంటిపదములను వేరువేరుగా పట్టికలు వేయవలెను. దీనికి యంత్రసామగ్రి యక్కరలేదు. ఒక నోటుపుస్తకము చాలును. పదవతరగతి మాత్రమే చదివిన అంగన్‌వాడి కార్యకర్తయు దీనిని చేయగలదు. నిజమునకు ఆ వాడకే చెందిన స్త్రీ యగుటచే ఆమె దీనిని పలువురు పట్టభద్రులకంటె బాగుగా చేయగలదు. ఇప్పటివరకు ఆమె జ్ఞానము జ్ఞానముగా గుర్తింపబడలేదు.

ఆరునెలల సర్టిఫికెటు శిక్షణయు, ఏడాది డిప్లొమాయు విధానపత్రమునుండి ఆచరణకు వచ్చుకొలది వానికి పాఠ్యగ్రంథములు కావలసివచ్చును. అప్పటికి తెలుగులో స్వతంత్రసామగ్రి సిద్ధముగా లేనిచో ఆంగ్లముననో హిందీలోనో రచింపబడినది తెనిగింపబడి ఆ స్థానమున నిలుచును. ఒకసారి ముద్రితమైన పాఠ్యము మారుటకు పెక్కేండ్లు పట్టును. ఆ కాలమున బడిలో చేరిన శిశువులందరును దాని ఫలితమును అనుభవింతురు. తెలుగుశాఖ ఏదియైన ఒక డైటుతోగాని, ఒక అంగన్‌వాడి శిక్షణకేంద్రముతోగాని చేరి, ఒక మాండలికప్రాంతమునకు శిశుభాషా పాఠ్యమును రచించి చూపినచో, తక్కిన భారతీయ భాషలకును అది మార్గదర్శక మగును.